జనాభా పిరమిడ్: బిజినెస్ ఇంటెలిజెన్స్ సాఫ్ట్‌వేర్‌లో నిర్మాణం, తిరువూరు ఉదాహరణ

జనాభా పిరమిడ్ అనేది ఒక ప్రాంతంలోని జనాన్ని వయసు వారీగా, స్త్రీ పురుషుల వారీగా విడదీసి అడ్డపట్టీలలో చూపే చార్టు. నడుమ ఉండే నిలువు గీతకు ఎడమన పురుషులు, కుడిన స్త్రీలు ఉంటారు. అట్టడుగు పట్టీ పసిపిల్లలది, పైపట్టీ వృద్ధులది. భూగోళశాస్త్ర పాఠ్యపుస్తకాలలో దీనికి వయో-లింగ పిరమిడ్ అనే పేరు కూడా ఉంది. పవర్ బీఐ, టాబ్లో వంటి బిజినెస్ ఇంటెలిజెన్స్ సాఫ్ట్‌వేర్‌లలో ఈ చార్టు సిద్ధంగా దొరకదు. ఉన్న బార్ చార్టునే మలిచి తయారు చేసుకోవాలి.

ఈ వ్యాసం ఆ నిర్మాణ విధానాన్ని, దానికి కావలసిన జనగణన లెక్కలను ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ఉదాహరణగా వివరిస్తుంది. దేశానికో రాష్ట్రానికో పిరమిడ్ గీయడానికి లెక్కలన్నీ సిద్ధంగా ఉంటాయి. తిరువూరు వంటి మండల కేంద్రం దగ్గరికి వచ్చేసరికి వయసు లెక్కలు పలచబడతాయి, సరిహద్దులు మారి ఉంటాయి, ఊరి పేరు ఒక్కో ఫైల్లో ఒక్కోలా కనిపిస్తుంది. అందువల్ల ఇక్కడ చార్టు కంటే దాని వెనక ఉన్న పట్టికకే ఎక్కువ శ్రమ పడుతుంది.

చరిత్ర

వయసు, లింగ భేదాలను ఇరువైపులా పట్టీలుగా చూపే పద్ధతికి తొలి ప్రసిద్ధ ఉదాహరణ 1874 నాటి అమెరికా గణాంక అట్లాసు. 1870 అమెరికా జనగణనకు సూపరింటెండెంటుగా ఉన్న ఫ్రాన్సిస్ అమాసా వాకర్ దాన్ని రూపొందించాడు. పందొమ్మిదో శతాబ్ది చివరికి స్వీడన్ గణాంకవేత్త గుస్తావ్ సుండ్‌బార్గ్ జనాభాలను వయసు పంపిణీని బట్టి పెరిగేవి, నిలకడగా ఉండేవి, తగ్గేవి అని మూడు తరగతులు చేశాడు. నేటి పాఠ్యపుస్తకాలలో కనిపించే మూడు ఆకారాలకు మూలం ఆ వర్గీకరణే.

భారతదేశంలో తొలి జనగణన 1872లో జరిగినా, దేశమంతటా ఒకే కాలంలో లెక్కించినది 1881లో. అప్పటి నుంచి 2011 వరకు పదేళ్లకొకసారి తప్పకుండా జరిగింది. 2021లో జరగవలసినది కోవిడ్ కారణంగా వాయిదా పడింది. ప్రస్తుతం తెలుగు ప్రాంతాలలో దేనికి పిరమిడ్ గీసినా జనగణన ఆధారం 2011దే.

బిజినెస్ ఇంటెలిజెన్స్ అనే మాటను ఐబీఎం పరిశోధకుడు హాన్స్ పీటర్ లూన్ 1958 నాటి వ్యాసంలో వాడాడు. 1989లో హోవర్డ్ డ్రెస్నర్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధన నుంచి 2003లో టాబ్లో సంస్థ పుట్టింది. మైక్రోసాఫ్ట్ పవర్ బీఐ 2015 జూలైలో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇవన్నీ అమ్మకాలు, జమాఖర్చుల కోసం తయారైనవి కాబట్టి వీటి చార్టుల జాబితాలో జనాభాశాస్త్రానికి చోటు దక్కలేదు.

ఆకారాలు

అడుగు వెడల్పుగా ఉండి పైకి వెళ్లేకొద్దీ త్వరగా సన్నబడితే జననాలు, మరణాలు రెండూ ఎక్కువని అర్థం. గంట ఆకారంలో పట్టీలు చాలా వయసుల దాకా దాదాపు సమానంగా ఉంటే జనాభా నిలకడగా ఉన్నట్టు. అడుగు సన్నబడి నడుము ఉబ్బితే జననాలు తగ్గుతున్నట్టు. ఆంధ్రప్రదేశ్ ఈ మూడో దారిలో ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో మొత్తం సంతానోత్పత్తి రేటు 1.7, తెలంగాణలో 1.8, దేశ సగటు 2.0. తరం తరాన్ని భర్తీ చేయడానికి సుమారు 2.1 కావాలి. స్థానిక సంస్థల ఎన్నికలలో పోటీకి అమలులో ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తివేసింది. ఆ నిర్ణయానికి వెనక ఉన్నది పిరమిడ్ అడుగున కనిపించే ఈ మార్పే.

చిన్న ప్రాంతాలలో ఈ మూడు ఆకారాలలో దేనికీ ఒదగని పిరమిడ్లు తరచూ కనిపిస్తాయి. జనగణనలో హాస్టల్ పిల్లలను హాస్టల్‌లోనే లెక్కిస్తారు. గురుకుల పాఠశాల ఉన్న గ్రామంలో 10–19 వయసు పట్టీలు ఒక్కసారిగా పొడుగవుతాయి. అది బాలికల గురుకులమైతే కుడివైపే పొడుగవుతాయి. ఉద్యోగాలకు, కూలిపనులకు యువకులు విజయవాడకో హైదరాబాదుకో వెళ్లిన ఊళ్లో 20–34 మధ్య ఎడమవైపు నొక్కు పడుతుంది. ఇలాంటివి జనన మరణాల వల్ల వచ్చిన మార్పులు కావు. చార్టు పక్కన ఒక వాక్యం రాసి ఉంచకపోతే చదివేవారు పొరబడతారు.

తిరువూరు: భౌగోళిక పరిధి

తిరువూరు పూర్వపు కృష్ణా జిల్లాకు ఉత్తర కొసన, తెలంగాణలోని ఖమ్మం జిల్లాను ఆనుకుని ఉంది. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారి దీని గుండానే వెళ్తుంది. పట్టణానికి నగర పంచాయతీ ఉంది. తిరువూరు శాసనసభ నియోజకవర్గం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయినది. తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు మండలాలు దాని కిందికి వస్తాయి.

తిరువూరు అనే ఒకే పేరుతో పట్టణం, మండలం, రెవెన్యూ డివిజన్, నియోజకవర్గం అనే నాలుగు పరిధులున్నాయి. పాత రికార్డులలో తాలూకా కూడా ఉంది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లా ఏర్పడి, తిరువూరు కొత్త రెవెన్యూ డివిజన్‌కు కేంద్రమైంది. అందుచేత 1981 తిరువూరు తాలూకా లెక్కను 2011 తిరువూరు మండలం లెక్క పక్కన పెట్టి జనాభా తగ్గిందనడం పూర్తిగా తప్పు. చార్టు శీర్షికలోనే పరిధి పేరు, సంవత్సరం రెండూ ఉండాలి.

జనగణన పట్టికలు: ఏది ఏ స్థాయిలో దొరుకుతుంది

పిరమిడ్‌కు ముఖ్యమైన ఆధారం జనగణన సి-14 పట్టిక. ఇందులో జనాభా 0–4, 5–9 ఇలా అయిదేళ్ల వర్గాలుగా 75–79 వరకు, ఆపైన 80+ గా, స్త్రీ పురుషుల వారీగా, గ్రామీణ పట్టణ భాగాలుగా ఉంటుంది. చివర 'వయసు చెప్పనివారు' అనే వరుస ఉంటుంది. ఒక్కో ఏడాది వయసు విడిగా కావాలంటే సి-13 చూడాలి. ఈ పట్టికలు దేశం, రాష్ట్రం, జిల్లా, పెద్ద నగరాల స్థాయి వరకే పిరమిడ్‌కు పనికొస్తాయి. తిరువూరు 2011లో కృష్ణా జిల్లాలో (సెన్సస్ కోడ్ 547) భాగం. ఆ జిల్లా జనాభా అప్పట్లో 45,17,398.

మండలం, గ్రామం, వార్డు స్థాయిలో దొరికేది ప్రాథమిక జనగణన సారాంశం. ఇందులో మొత్తం జనాభా, 0–6 ఏళ్ల పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలు, అక్షరాస్యులు, పనివారు స్త్రీ పురుషుల వారీగా ఉంటారు. వయసు విషయానికొస్తే ఆరేళ్ల వరకు, ఆపైన అనే ఒక్క విభజనే ఉంటుంది. అంటే తిరువూరు పట్టణానికి పదహారు పదిహేడు మెట్ల పిరమిడ్ గీయడానికి అవసరమైన లెక్క ప్రచురిత జనగణనలో లేదు. ఇంటర్నెట్లో చిన్న పట్టణాల పేరుతో కనిపించే సంపూర్ణ పిరమిడ్లలో చాలావరకు అంచనాలే. ఆ మాట చార్టు మీద రాసి ఉండాలి.

అంచనా కట్టే పద్ధతులు

ఎక్కువగా వాడేది అనుపాత పద్ధతి. మండలంలో ఏడేళ్లు, ఆపైన ఉన్న పురుషుల సంఖ్యను జిల్లా పురుషుల వయసు పంపిణీ ప్రకారం పంచుతారు. స్త్రీలకూ అంతే. తిరువూరు విషయంలో జిల్లా మొత్తం వరుసను తీసుకుంటే అందులో విజయవాడ నగర జనం కూడా కలిసి ఉంటారు. నగరంలో పనిచేసే వయసువారు ఎక్కువ. కాబట్టి మండలంలోని గ్రామాలకు సి-14 గ్రామీణ వరుసను, పట్టణ భాగానికి పట్టణ వరుసను వేరువేరుగా వాడి కలపాలి. ఇంత చేసినా వచ్చే పిరమిడ్ జిల్లా ఆకారానికి చిన్న నమూనాయే. అంగన్‌వాడీ కేంద్రాలకో, పింఛన్లకో ఎంతమంది ఉంటారో ఉజ్జాయింపుగా చెప్పడానికి అది సరిపోతుంది. తిరువూరు తన జిల్లాకు ఏ విధంగా భిన్నమో మాత్రం దాని నుంచి తెలియదు.

పద్దెనిమిదేళ్లు దాటినవారికి ఇంకో ఆధారం ఓటర్ల జాబితా. అందులో వయసు, లింగం ఉంటాయి కాబట్టి నియోజకవర్గ పరిధిలో పై భాగం వరకు పిరమిడ్ గీయవచ్చు. చనిపోయినవారి, వలస వెళ్లినవారి పేర్లు తొలగకపోవడం దీని ప్రధాన లోపం. రాష్ట్ర స్థాయిలో 2011–2036 కాలానికి జాతీయ జనాభా కమిషన్ నియమించిన సాంకేతిక బృందం ఇచ్చిన అంచనాలు ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు విడివిడిగా, వయసు వర్గాల వారీగా ఉన్నాయి.

గ్రామ, వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాక ఇంటింటి వివరాలు పరిపాలనా రికార్డులలో చేరాయి. అవి వ్యక్తుల వివరాలు. ఒక తండాలో 80 ఏళ్లు దాటిన పురుషుడు ఒక్కడే ఉంటే, ఆ పట్టీ చూసినవారికి ఆ మనిషెవరో తెలిసిపోతుంది. అందుకే చిన్న పరిధులలో తక్కువ సంఖ్యలను పక్క వర్గంతో కలపడం, లేదా చూపకుండా వదలడం రివాజు.

వయసు చెప్పడంలో లోపాలు

గణకుడు ఇంటికొచ్చి వయసు అడిగితే పెద్దవాళ్లు తరచూ "అరవై ఉంటాయిలే" అంటారు. అరవై ఒకటో, యాభై ఎనిమిదో అని చెప్పేవారు తక్కువ. దీనివల్ల 0, 5 అంకెలతో ముగిసే వయసుల దగ్గర జనం పోగుపడతారు. సి-13 పట్టికతో ఒక్కో ఏడాదికి ఒక పట్టీ గీస్తే 40, 45, 50, 60 దగ్గర పట్టీలు ముళ్లలా బయటికి పొడుచుకొస్తాయి. ఈ లోపాన్ని కొలిచేది విపుల్ సూచీ. 23 నుంచి 62 ఏళ్ల వరకు ఉన్నవారిలో 0, 5తో ముగిసే వయసులవారి సంఖ్యను అయిదుతో హెచ్చించి, ఆ మొత్తం జనంతో భాగించి, నూరుతో గుణిస్తారు. ఫలితం 100 అయితే పోగు లేదు, 500 అయితే అందరూ ఆ అంకెలే చెప్పినట్టు. ఐక్యరాజ్యసమితి ప్రమాణంలో 105 లోపు ఉంటే వయసు లెక్క చాలా నమ్మదగినది, 175 దాటితే బొత్తిగా నమ్మలేనిది.

వయసు తెలియనివారికి అందరికీ గుర్తుండే సంఘటనలతో లెక్క కట్టడం గణకుల పాత పద్ధతి. కృష్ణా జిల్లాలో 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, 1972–73 జై ఆంధ్ర ఉద్యమం అలాంటి గుర్తులు. "ఉప్పెన నాటికి నీకు పెళ్లయిందా?" అని అడిగితే వయసు రెండు మూడేళ్ల తేడాలో తేలుతుంది. 2011 జనగణనలో వయసుతో పాటు పుట్టిన తేదీ కూడా అడిగారు. అయిదేళ్ల వర్గాలు వాడితే పోగు చాలావరకు ఒక వర్గంలో కలిసిపోతుంది గాని పూర్తిగా పోదు. 58 ఏళ్లవారు 60 అని చెబితే వారు పై వర్గంలోకి జరుగుతారు.

ఇంకో లోపం వర్గీకరణది. 2011లో స్త్రీ, పురుష కాక 'ఇతరులు' అనే సంకేతం ఉంది. దేశం మొత్తం మీద 4,87,803 మంది అలా నమోదయ్యారు. సాధారణ పట్టికలలో వారిని పురుషుల వరుసలో కలిపారు. ఎడమ పట్టీ చదివేటప్పుడు ఇది గుర్తుండాలి.

పవర్ బీఐలో నిర్మాణం

సి-14 ఫైలు వెడల్పుగా ఉంటుంది. ఒక వరుసలోనే మొత్తం, గ్రామీణ, పట్టణ భాగాలకు వ్యక్తులు, పురుషులు, స్త్రీలు అనే గడులు పక్కపక్కనే ఉంటాయి. పవర్ క్వెరీలో 'అన్‌పివట్' చేసి దాన్ని ప్రాంత కోడ్, నివాసం, వయసు వర్గం, లింగం, సంఖ్య అనే అయిదు నిలువు వరుసలుగా మార్చాలి. 'వ్యక్తులు', 'అన్ని వయసులు' అనే మొత్తాల వరుసలను అప్పుడే తీసేయాలి. అవి మిగిలితే ప్రతి మనిషీ రెండుసార్లు లెక్కలో పడతాడు.

వయసు వర్గాలకు వేరే పట్టిక ఉండాలి. వర్గం పేరును అక్షరక్రమంలో పేరిస్తే 5–9 అనేది 45–49 దాటాక 50–54 పక్కకు పోతుంది. కాబట్టి ప్రతి వర్గానికీ ఒక క్రమసంఖ్య ఇచ్చి, 'సార్ట్ బై కాలమ్'లో దాన్ని చూపాలి. చార్టులో క్రమాన్ని అవరోహణగా పెడితే 80+ పైన, 0–4 కింద ఉంటాయి. సీఎస్‌వీ ఫైలును ముందుగా ఎక్సెల్‌లో తెరిచి దాచితే, భారతీయ తేదీ పద్ధతి ఉన్న కంప్యూటర్లో 5–9 అనే వర్గం సెప్టెంబరు 5గా మారిపోతుంది. పిరమిడ్లో ఒక మెట్టు మాయమైతే మొదట వెతకవలసిన చోటు ఇదే.

తరువాత రెండు మెజర్లు (లెక్క కట్టే సూత్రాలు) రాయాలి. స్త్రీల మెజర్ మామూలు మొత్తం. పురుషుల మెజర్ ఆ మొత్తాన్ని మైనస్ ఒకటితో గుణించినది. రెండింటినీ స్టాక్డ్ బార్ చార్టులో వేస్తే సున్నా నుంచి చెరో వైపు సాగుతాయి. క్లస్టర్డ్ బార్ వాడితే ఒకే వయసు పట్టీలు కిందా మీదా పడతాయి గనక పిరమిడ్ రాదు. ఈ దశలో ఎడమవైపు అంకెలకు ముందు మైనస్ గుర్తు కనబడుతుంది. రెండు మెజర్లకూ #,##0;#,##0 అనే ఫార్మాట్ ఇస్తే పోతుంది. సెమికోలన్‌కు ముందున్నది ధన సంఖ్యలకు, తరువాతది ఋణ సంఖ్యలకు. రెండో భాగంలో మైనస్ రాయలేదు కాబట్టి అది కనిపించదు. శాతాలకైతే 0.0%;0.0% ఇవ్వాలి. అక్షం 'డిస్‌ప్లే యూనిట్స్'ను 'నన్'గా పెట్టకపోతే వేల సంఖ్యల పక్కన ఇంగ్లిష్ కే అక్షరం వచ్చి చేరుతుంది.

అక్షం కనిష్ఠ, గరిష్ఠ విలువలను సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకూడదు. ఎడమన 5 శాతం దాకా, కుడిన 6 శాతం దాకా అక్షం సాగితే నడుమ గీత పక్కకు జరుగుతుంది, స్త్రీ పురుషుల తేడా కళ్లకు సరిగా ఆనదు. రెండు వైపులా ఒకే హద్దు రాయాలి. పట్టీల మధ్య ఖాళీ చాలా తక్కువగా ఉంచాలి.

శాతం ఏ మొత్తంపై లెక్కించాలన్నది అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం. స్త్రీ పురుషులు కలిసిన మొత్తం జనాభాతో భాగించడమే ప్రమాణం. పురుషులను పురుషుల మొత్తంతో, స్త్రీలను స్త్రీల మొత్తంతో భాగిస్తే రెండు వైపులా నూరు శాతమవుతాయి, లింగ నిష్పత్తి చార్టులోంచి మాయమవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 0–6 ఏళ్ల పిల్లలలో వెయ్యి మంది బాలురకు బాలికలు 2001లో 961 ఉండగా 2011కి 939కి తగ్గారు. ఇలాంటి మార్పు రెండో పద్ధతిలో గీసిన పిరమిడ్లో కనిపించదు. పవర్ బీఐలో హారం లెక్కించేటప్పుడు వయసు, లింగం ఫిల్టర్లను తొలగించి, ప్రాంతం ఫిల్టర్‌ను మాత్రం ఉంచాలి. లేకపోతే రిపోర్టు మీది స్లైసర్ అనే ఫిల్టర్ గడిలో మండలం మార్చినా హారం జిల్లాదే మిగులుతుంది.

80+ వర్గం తెరిచి ఉన్నది. అయిదేళ్లకు మించి సాగుతుంది. పట్టీ మందం మిగతా వాటితో సమానంగా ఉంటే ఆ వయసువారు ఉన్నదానికన్నా ఎక్కువ అనిపిస్తుంది. ప్రాథమిక సారాంశంలోని 0–6 ఏడేళ్ల వర్గం కాబట్టి దాన్ని అయిదేళ్ల వర్గాల పక్కన నేరుగా పెట్టకూడదు.

ఇతర సాధనాలు

టాబ్లోలో రెండు వేరు బార్ చార్టులు గీసి, ఎడమదాని అక్షాన్ని తిరగవేసి, వయసు పేర్లను నడుమ పెట్టడం వాడుక. ఋణ సంఖ్యల అవసరం రాదు. గూగుల్ లుకర్ స్టూడియో (2022కు ముందు డేటా స్టూడియో), అపాచీ సూపర్‌సెట్‌లలో పవర్ బీఐ పద్ధతే నడుస్తుంది. పవర్ బీఐకి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే టోర్నడో చార్టు ఉంది. అందులో రెండు గుంపులను ఎదురెదురుగా పెట్టవచ్చు గాని అక్షం మీద పట్టు తక్కువ. డెనెబ్ అనే కస్టమ్ విజువల్ వేగా-లైట్ భాషలో పనిచేస్తుంది. 2001 పిరమిడ్‌ను గీతగా, 2011ది నిండు పట్టీగా ఒకదాని మీద ఒకటి వేయాలంటే ఇది అనువైనది. అలా వేసినప్పుడు 2001లో 0–4 వయసున్న పిల్లలను 2011లో 10–14 పట్టీలో వెతకాలి. రెండు పట్టీల తేడాలో మరణాలు, వలసలు కలిసి ఉంటాయి.

పేర్లు, కోడ్లు, లిపి

తిరువూరు పేరు ఇంగ్లిష్ ఫైళ్లలో చివరి అచ్చు ఉండీ లేకుండా, మొదటి హల్లుకు ఒత్తు ఉండీ లేకుండా పలు రకాలుగా రాసి ఉంటుంది. పేర్లతో పట్టికలను కలిపితే వరుసలు జారిపోతాయి. జనగణన కోడ్లతో గాని, పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ స్థానిక ప్రభుత్వ డైరెక్టరీ (ఎల్‌జీడీ) కోడ్లతో గాని కలపాలి. రిపోర్టు తెలుగులో ఉంటే విండోస్‌లోని నిర్మలా యూఐ ఫాంట్‌ను ఎంచుకోవడం మేలు. లేదంటే ఒక్కో కంప్యూటర్లో ఒత్తులు, గుణింతాలు ఒక్కో తీరుగా పడి అక్షం పేర్లు తెగిపోతాయి.

ఉపయోగాలు

పదిహేనేళ్ల లోపువారు, అరవై దాటినవారు పనిచేసే వయసువారి మీద ఎంత ఆధారపడ్డారో చెప్పే పరాధీనతా నిష్పత్తి పిరమిడ్ నుంచే వస్తుంది. బడులు, అంగన్‌వాడీలు, వృద్ధాప్య పింఛన్ల ప్రణాళికకు ఇదే మొదటి మెట్టు.

ఆరోగ్య రంగంలో దీని అవసరం ఇంకా ఎక్కువ. తిరువూరు నియోజకవర్గంలోని ఎ.కొండూరు మండల తండాలలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఏళ్లుగా ప్రజారోగ్య సమస్యగా ఉంది. ఒక తండాలో రోగులు ఎక్కువ, ఇంకో ఊళ్లో తక్కువ అన్నంత మాత్రాన నీటినో నేలనో కారణంగా చెప్పలేము. మొదటి చోట పెద్ద వయసువారు ఎక్కువ ఉండవచ్చు. రెండు చోట్లా వయసు, లింగం వారీగా జనం ఎంతో తెలిస్తేనే రోగుల రేట్లను వయసుకు సవరించి పోల్చడం సాధ్యం. ఆ లెక్క లేనిచోట అనుపాత అంచనాతో సరిపెట్టుకోకూడదు. ఆ కొద్ది గ్రామాలలో నేరుగా ఇంటింటి సర్వే చేయడమే తగిన పని.

రాబోయే జనగణన

తదుపరి జనగణనకు కేంద్రం 2027 మార్చి 1ని లెక్కింపు తేదీగా ప్రకటించింది. మొబైల్ యాప్‌తో నమోదు, కుటుంబాలు స్వయంగా వివరాలు నింపే వీలు, కులాల లెక్క ఇందులో భాగాలు. తిరువూరు ఇందులో ఎన్టీఆర్ జిల్లా కింద లెక్కకు వస్తుంది. 2011 కృష్ణా జిల్లా పట్టికతో పోల్చాలంటే పాత జిల్లాలోని మండలాలన్నింటినీ, అంటే 2022లో ఏలూరు జిల్లాకు వెళ్లిన నూజివీడు, కైకలూరు ప్రాంతాలతో సహా, తిరిగి కలిపి చూడాలి. ప్రాంతాల పట్టికలో ప్రతి మండలానికీ 2011 సెన్సస్ కోడ్, ఇప్పటి ఎల్‌జీడీ కోడ్, 2022కు ముందరి జిల్లా, తరువాతి జిల్లా అనే నాలుగు నిలువు వరుసలు ఇప్పుడే ఉంచుకుంటే, కొత్త ఫైళ్లు వచ్చిన రోజున అదే చార్టులో రెండు జనగణనలనూ చూపవచ్చు.